మంచుపెట్టెలో వచ్చిన చేప

ఉదకమండలమునకు నైరుతి దిక్కుగా, కొండదారిన పాతిక కిలోమీటర్లకు పైగా పోయినచో అవలాంచి అను జలాశయము కనిపించును. సముద్రమట్టమునకు దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. సాయంకాలము గాలి పడిపోయి నీరు అద్దమువలె నిలిచిన వేళ, ఒడ్డుకు కొంచెము దూరములో చిన్న చిన్న వలయములు లేచుచుండును. అవి వానచినుకులు కావు. నీటి అడుగున పెరిగి, అప్పుడే రెక్కలు విప్పి ఎగురబోవు పురుగులను ఒక చేప క్రిందనుండి వచ్చి అందుకొనుచున్నది. ఆ చేప పేరు ట్రౌట్. ప్రక్కల వెంబడి గులాబిరంగు చార, ఒంటినిండ నల్లని చుక్కలు.

ఇది మనదేశపు చేప కాదు. ఇరువదవ శతాబ్దము వచ్చువరకు ఆ కొండలలో దీని జాడ లేదు. దీని తాతముత్తాతలు ఉత్తర అమెరికా పడమటి తీరపు చల్లని సెలయేళ్ళలో పుట్టినవి. పాత పాఠ్యపుస్తకములలో దీని శాస్త్రీయ నామము సాల్మో గెయిర్డ్‌నెరీ అని ఉండును. ఇది పసిఫిక్ సాల్మన్ చేపలకు దగ్గరి బంధువని తేలిన పిమ్మట, 1989 నుండి ఆంకోరింకస్ మైకిస్ అని వ్యవహరించుచున్నారు. తరగతిలో పాత పేరే చెప్పుచున్న ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి గమనింపగలరు. ఇంత దూరపు చేప ఉష్ణమండల దేశములోని ఒక కొండచెరువుకు ఎట్లు చేరినది? ఎందుకు తెచ్చినారు? ఎందుకు అను ప్రశ్నకు సమాధానము సులభము, వేటకొరకే. ఎట్లు అను ప్రశ్నలోనే విజ్ఞానశాస్త్రమంతయు ఉన్నది.

మన వాగుల ఒడ్డున గాలము వేయువారు ఎర్రనో పిండినో గ్రుచ్చి, బెండు కట్టి, నీటిలో విడిచి కూర్చుందురు. ట్రౌట్ వేట అట్లు కాదు. గాలపు ముల్లుకు పట్టుదారముతో ఈకలు, ఉన్ని చుట్టి, నీటిమీద వ్రాలిన పురుగువలె కనబడునట్లు చేయుదురు. దీనిని ఈగ అందురు. రోమను చక్రవర్తుల కాలపు రచయిత ఏలియన్, మాసిడోనియాలోని జాలరులు ముల్లుకు ఎర్రని ఉన్ని చుట్టి, మైనపురంగు కోడి ఈకలు రెండు కట్టి చుక్కల చేపలను పట్టుచుండిరని వ్రాసినాడు. కనుక ఈ విద్య ఇంగ్లీషువారు కనిపెట్టినది కాదు. దానిని పెద్దమనుషుల వ్యాసంగముగా మార్చి, పుస్తకములు వ్రాసి, తగవులు పెట్టుకొన్నవారు మాత్రము వారే.

ఈ వేటలో భౌతికశాస్త్ర విద్యార్థికి ఒక చక్కని పాఠము ఉన్నది. ఈగకు బరువు లేదు. బరువు లేని వస్తువును దూరముగా విసరలేము. విసరి చూడుడు, దూదిపింజ మూడడుగులు పోదు. అందువలన ఇక్కడ త్రాడుకే బరువు ఉండునట్లు నేయుదురు. పొడవైన వెదురుకర్రను వెనుకకు, ముందుకు ఊపినపుడు త్రాడు గాలిలో మెలికగా చాచుకొనును. ఆ మెలిక విప్పుకొనుకొలది కదలుచున్న త్రాడు పొడవు తగ్గును. కర్ర ఇచ్చిన చలనశక్తిలో గాలి హరించినది పోగా మిగిలినదంతయు ఆ కొంచెపు భాగమునకే వచ్చుటచే దాని వేగము పడిపోక నిలుచును, ఒక్కొక్కప్పుడు పెరుగును. చర్నాకోల కొస 'ఛట్' మనుటకు కారణము ఇదే. చేయి తిరిగినవాడు చివరిక్షణమున వేగమును చంపి, ఈగ నీటిపై పూరేకువలె వ్రాలునట్లు చేయును.

ట్రౌట్ ఇచ్చటికి రాకముందే మన ఈకలు అచ్చటికి పోయినవని చాలమందికి తెలియదు. దక్షిణభారత అడవులలోని బూడిదరంగు అడవికోడి పుంజు మెడమీద, మైనముచుక్క అంటినట్లు మెరయు ఈకలు ఉండును. అవి కట్టిన ఈగకు కన్ను పెట్టినట్లు ఉండునని ఇంగ్లండు వేటగాండ్రకు వానిపై మోజు. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పక్షికి రక్షణ ఇచ్చుచున్నది. వేటకర్రలకు మొదట కావలసిన వెదురు కూడ చాలకాలము కలకత్తా రేవునుండియే పోయెడిది.

ఇక చేప ప్రయాణము. పందొమ్మిదవ శతాబ్దములో బ్రిటిషువారు ఏ దేశములో స్థిరపడినను తమ ఊరి పక్షి, తమ ఊరి పువ్వు, తమ ఊరి చేప అచ్చట కూడ ఉండవలెనని ఉబలాటపడినారు. వానిలో చేప అన్నిటికంటె మొండిది. ఇంగ్లండునుండి దక్షిణార్ధగోళమునకు పోవుటకు తెరచాప ఓడకు దాదాపు మూడు నెలలు పట్టెడిది. నడుమ భూమధ్యరేఖ దాటవలెను. ట్రౌట్ చేపలు ఆ ఉక్కలో బ్రతుకవు. గ్రుడ్లుగా పంపిన పక్షమున త్రోవలోనే పొదిగి చచ్చును. 1852లో, 1860లో, 1862లో టాస్మేనియా ద్వీపమునకు సాల్మన్ గ్రుడ్లను పంపి మూడుసార్లు విఫలులైనారు.

ఈ చిక్కును విప్పినవాడు శాస్త్రజ్ఞుడు కాడు. జేమ్స్ యూల్ అను టాస్మేనియా భూస్వామి. మూడవ ప్రయత్నము చెడిన పిమ్మట, ఓడలోని సరంజామా అంతటిలో ఒక చిన్న పెట్టెలోని గ్రుడ్లు మాత్రము ఎక్కువ దినములు బ్రతికినవని ఆయనకు తెలిసినది. ఆ పెట్టెలో తడినాచు మధ్య గ్రుడ్లు పేర్చి, మంచులో ఉంచినారు. పారు నీరు లేనిదే గ్రుడ్డు బ్రతుకదని అంతవరకు అందరి నమ్మకము. పారు నీటితో పనిలేదు. తడి, గాలి, చలి మూడు చాలును. యూల్ లండనులోని వెన్‌హామ్ లేక్ మంచు కంపెనీవారి నేలమాళిగలో గ్రుడ్లపెట్టెలను నెలల తరబడి పెట్టి పరీక్షించి, ఈ సంగతి రూఢిచేసికొన్నాడు.

ఆ రోజులలో మంచు యంత్రములతో చేసినది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు చెరువులు శీతకాలమున గడ్డకట్టగా, కోసి ఓడలలో పంపెడివారు. మద్రాసు సముద్రతీరమున ఐస్ హౌస్ అను గుండ్రని కట్టడము చూచినవారు ఉందురు. 1897లో వివేకానందస్వామి బస చేసిన భవనము. అది 1842లో ఆ అమెరికా మంచును నిలువచేయుటకు కట్టినదే.

మంచు గ్రుడ్డుకు చేయు మేలు ఏమనగా, పిండము పెరుగుటను మందగింపజేయును. గోధుమరంగు ట్రౌట్ అను యూరపు జాతి గ్రుడ్డు 10 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో సుమారు 41 దినములకు పొదుగును. నాలుగున్నర డిగ్రీల దగ్గర దాదాపు 100 దినములు పట్టును. రెండు డిగ్రీలకు దిగువను అయిదు నెలలు. గ్రుడ్డుకు గడియారము లేదు. అది దినములను లెక్కపెట్టదు, వేడిని లెక్కపెట్టును. మూడు నెలల ఓడప్రయాణమును ఈ అంకెల ప్రక్కన పెట్టి చూచినచో యూల్ ఉపాయమునకు ఎంత వెసులుబాటు ఉన్నదో విద్యార్థికి వెంటనే తెలియును.

1864 జనవరి 21న 'నార్ఫోక్' అను ఓడ లక్షకు పైగా సాల్మన్ గ్రుడ్లతో ఇంగ్లండునుండి బయలుదేరినది. కడపటి క్షణమున ఫ్రాంక్ బక్లాండ్, ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అను ఇద్దరు మిత్రులు దాదాపు మూడువేల ట్రౌట్ గ్రుడ్లను కానుకగా తెచ్చి ఇచ్చినారు. ఏప్రిల్ 15న ఓడ మెల్బోర్న్ చేరినది. అచ్చటినుండి టాస్మేనియా. సాల్మన్ గ్రుడ్లు వేలకొలది పొదిగినవి, పిల్లలు పెరిగి సముద్రమునకు పోయినవి. మరల రాలేదు. ట్రౌట్‌లలో మిగిలినవి సుమారు మూడువందల గ్రుడ్లే. అవే నిలిచినవి. లగ్నపత్రిక వ్రాసి పిలిచినవారు ముఖము చాటువేయగా, తోడు వచ్చినవారు కాపురము పెట్టినట్లయినది. 1867లో వాని సంతతి గ్రుడ్లు న్యూజిలాండుకు పోయినవి. ఆ దేశమునకే 1883లో కాలిఫోర్నియానుండి ఇంద్రధనుస్సు ట్రౌట్, అనగా మనము మొదట చెప్పుకొన్న గులాబిచారల చేప, చేరినది. ఈ రెండవ జాతియే మన కథకు ముఖ్యము.

భారతదేశములో ఇట్టి ప్రయత్నము అంతకుముందే మొదలైనది. మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1860లలో నీలగిరులకు ట్రౌట్ తేవలెనని పూనుకొన్నాడు. అది ఫలింపలేదు. అయినను మన మీనశాస్త్రమునకు పునాది వేసినవారిలో డే ముఖ్యుడు. 'భారతదేశపు మీనములు' అను ఆయన మహాగ్రంథము 1875-78 మధ్య వెలువడినది. గోదావరి జిల్లాల పాఠకులకు మరియొక మాట చెప్పవలెను. నదులకు అడ్డముగా కట్టు ఆనకట్టలు సముద్రమునుండి ఎదురెక్కు చేపలకు చేటు చేయుచున్నవేమో చూడుడని 1860ల చివర ప్రభుత్వమును హెచ్చరించినవాడు ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొరయే. ఆ విచారణకు నియమింపబడినవాడు ఈ డే. పులసకు ఎదురైన గోడ, ట్రౌట్‌కు వెదకిన త్రోవ రెండును ఒకే మనిషి బల్లమీద ఉన్న కాగితములు.

కాశ్మీరములో కూడ మొదటి అనుభవము ఇట్టిదే. 1899లో బెడ్‌ఫోర్డ్ ప్రభువు పంపిన పదివేల గ్రుడ్లు త్రోవలోనే చెడినవి. మరుసటి సంవత్సరము వచ్చినవి బ్రతికినవి. నీలగిరులలో జయము హెచ్. సి. విల్సన్ అను మత్స్యనిపుణునిది. మద్రాసు ప్రభుత్వము పక్షమున ఆయన 1907 ప్రాంతమున అవలాంచిలో పొదుగుశాల నెలకొల్పి, న్యూజిలాండు, జర్మనీ, సింహళములనుండి ఇంద్రధనుస్సు ట్రౌట్ గ్రుడ్లను తెప్పించినాడు. ఆ కాలమునకు యంత్రములతో చల్లబరచు గదులు గల ఓడలు వచ్చినవి. పంపువారు కూడ తెలివిమీరినారు. గ్రుడ్డులో పిండము కన్నులు రెండు నల్లని చుక్కలుగా బయటికి కనబడు దశ ఒకటి కలదు. అంతకుముందు గ్రుడ్డును కదిపిన చచ్చును, ఆ దశ వచ్చిన తరువాత కుదుపులకు ఓర్చుకొనును. కన్నుపడిన గ్రుడ్లనే ఎంచి పంపసాగిరి. ఉదకమండలమునకు రైలు చేరినది 1908లో. కనుక మొదటి పెట్టెలు ఆఖరి కొండలను బండ్లమీదనో తలలమీదనో ఎక్కవలసినదే.

ఇచ్చట నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. 'చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరుగును, అందుచే ట్రౌట్ కొండలమీద బ్రతుకును' అని నేను తరగతిలో నాలుగేండ్లు చెప్పినాను. అయిదవయేట వెనుకబల్లమీది పిల్లవాడొకడు లేచి, 'అయ్యా, కొండపైన గాలి పలుచన కదా, ప్రాణవాయువు తక్కువ కరుగవలెను కదా?' అన్నాడు. సమాధానము రేపు చెప్పెదనని తప్పించుకొని, ఇంటికి పోయి లెక్క వేసినాను. సముద్రమట్టమువద్ద 30 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగును. 15 డిగ్రీల నీటిలో 10.1. కాని 2,000 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నూటికి 78 వంతులే. అప్పుడు ఆ 10.1 కాస్త 7.9 అగును. అనగా ఊటీ చెరువులోని ప్రాణవాయువునకు మన ఊరి చెరువులోని దానికి ఉండదగిన తేడా అతి స్వల్పము!

అయిన ట్రౌట్ మన చెరువులో ఎందుకు బ్రతుకదు? తేడా రాబడిలో లేదు, ఖర్చులో ఉన్నది. చేప ఒంటివేడి నీటివేడితో పాటు మారును. పది డిగ్రీలు పెరిగినచో దాని జీవక్రియల వేగము ఇంచుమించు రెట్టింపగును, ఒక్కొక్కప్పుడు అంతకు మించును. కావలసిన ప్రాణవాయువు కూడ అట్లే పెరుగును. 10 నుండి 16 డిగ్రీల వరకు ట్రౌట్ సుఖముగా ఉండును. 20 దాటిన మేత మందగించును. 25 చేరిన ప్రాణాపాయము. పైగా దాని నెత్తురు నీటిలో ప్రాణవాయువు పుష్కలముగా ఉన్నపుడే బాగుగా నింపుకొనును. ఈ విషయమున మన బొచ్చె, శీలావతుల వంశమువారు గట్టివారు. కొరమీను సంగతి సరేసరి, నీరు చాలనిచో తల పైకెత్తి గాలినే మ్రింగును. ప్రతి వేయి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడు మన వాతావరణములో, ట్రౌట్‌కు తగిన చలి కావలెనన్న రెండువేల మీటర్ల దగ్గరకు ఎక్కవలసినదే. మరునాడు తరగతిలో ఆ పిల్లవానిచేతనే లెక్క చేయించినాను.

విల్సన్ నాటి ట్రౌట్ వాగుల చేప. జలాశయముల చేప అగుట తరువాతి మాట. పైకారా జలవిద్యుత్తు 1932లో మొదలైనది. దానికి నీరు నిలుపుటకు 1938లో ముకుర్తి ఆనకట్ట లేచినది. స్వాతంత్ర్యానంతరము కొలంబో ప్రణాళిక క్రింద కెనడా సాయముతో కుందా పథకము వచ్చి అవలాంచి, ఎమరాల్డ్, ఎగువ భవాని జలాశయములు ఏర్పడినవి. విద్యుత్తుకొరకు కట్టిన గోడలవెనుక వేటగాండ్రకు పెద్ద సరస్సులు దొరికినవి. వాగులో అరచేయి పొడవున ఆగిపోవు చేప, మేత విరివిగా ఉన్న సరస్సులో బాగుగా పెరుగును.

కాని నిలువనీటిలో ట్రౌట్ సంతతి వృద్ధిచెందదు. ఆడచేప పారు వాగులో, గులకరాళ్ళ నడుమ తోకతో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును. రాళ్ళ సందున నీరు పారుచుండవలెను. చుట్టుప్రక్కల చెట్లు కొట్టి, నేల దున్ని, ఒండ్రు వచ్చి గులకల సందులు పూడినచో గ్రుడ్లకు ఊపిరాడదు. జలాశయము ఎంత పెద్దదైనను దానిలోనికి వచ్చు చిన్న వాగు చెడినయెడల పొదుగుశాలనుండి పిల్లలను తెచ్చి విడువవలసినదే.

వేసవిలో జలాశయపు నీరు పొరలుగా విడిపోవును. పైపొర ఎండకు వేడెక్కి తేలికపడును. అడుగుపొర చల్లగా ఉండును గాని, క్రుళ్ళు పదార్థములు దాని ప్రాణవాయువును తినివేయును. పైన వేడి, క్రింద ఊపిరాడదు. ట్రౌట్ పగలంతయు ఈ రెంటి నడుమ ఒక పలుచని పొరలో తిరుగును. చల్లబడిన సాయంకాలము, పురుగులు లేచు వేళకు, మీదికి వచ్చును. వేటగాడు ఈ సూత్రము చదువుకొని ఉండనక్కరలేదు, ఆ వేళకు ఒడ్డున ఉండును.

వాడు వంగి నడచుటకు కూడ కారణమున్నది. నీటిలోనుండి పైకి చూచు కంటికి లోకమంతయు 97 డిగ్రీల శంకువులో ఇమిడి, తలపై ఒక గుండ్రని కిటికీలో కనబడును. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వ్యాసము రెండుంబావు మీటర్లు. ఆవల నీటిపొర అద్దమువలె అడుగునే చూపును. దిగంతమునకు దగ్గరి వస్తువులు కిటికీ అంచున నలిగిపోయి కనబడును. కనుక ఒడ్డున వంగినవాడు చేప కంటికి గడ్డిదుబ్బు. నిలబడినవాడు మనిషి. కాంతి వక్రీభవనము పాఠము చెప్పునపుడు దీనికంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ట్రౌట్ పోయిన ప్రతిచోటను ఖర్చు ఎవరో భరించినారు. టాస్మేనియా వాగులలో గెలాక్సియస్ అను పొలుసులు లేని చిన్నచేపలు ఉండెడివి. వానిలో స్వాన్ నదిపేరు గల జాతి, ట్రౌట్ ఎక్కలేని జలపాతముల వంటి అడ్డుల ఎగువనే నిలువగలిగినది. కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా ఎత్తైన సరస్సులలో మొదట చేపలే లేవు. అచ్చట ట్రౌట్ విడిచిన తరువాత పసుపుకాళ్ళ కొండకప్పలు సరస్సు వెంట సరస్సుగా మాయమైనవి. కొన్ని సరస్సులలో వలలు వేసి ట్రౌట్‌ను తీసివేయగా కప్పలు కొన్ని ఏండ్లకే మరల వచ్చినవి. దోషము ఎవరిదో ఇంతకంటె స్పష్టముగా చూపు ప్రయోగము అరుదు. ట్రౌట్ కథను విజయగాథగా వ్రాసిన పాత పుస్తకములు ఈ కప్పలను లెక్కలో వేయలేదు.

నీలగిరులలో లెక్క వేరుగా వ్రాయవలెను. అచ్చట పచ్చికమైదానములు తోడా జాతివారి ఎనుములు మేసిన నేలలు. తోడాలు సంప్రదాయముగా శాకాహారులు. చేపతో వారికి పని లేదు. 1879లోనే వేటజంతువులకు, చేపలకు రక్షణగా నీలగిరులకొరకు ప్రత్యేకముగా ఒక శాసనము చేసిన ప్రభుత్వము, ఆ పచ్చికలలో తుమ్మజాతి వాటిల్ చెట్లు నాటించినది. తరువాతి ప్రభుత్వములును నాటించినవి. జలాశయముల క్రింద కొన్ని మేతబయళ్ళు మునిగినవి. ఆ గడ్డినేలలు, వాని నడుమ బురదపల్లములు వాననీటిని పీల్చి సంవత్సరము పొడుగున చల్లగా వాగులకు విడుచుచుండును. ట్రౌట్ గ్రుడ్డుకు కావలసిన చలువనీరు ఆ గడ్డి ఇచ్చినదే.

ముకుర్తి పరిసరములు 1990లో జాతీయవనమైనవి. నీలగిరి తార్ అను కొండమేకకొరకు ఆ రక్షణ ఏర్పడినది. వినోదపు వేటకు అచ్చట ఇప్పుడు చోటు లేదు. పట్టువారు లేకున్నను, విల్సన్ తెప్పించిన గ్రుడ్ల సంతతి ఆ చల్లని నీళ్ళలో ఇంకను తిరుగుచునే ఉన్నది.